రాతిలో దాగిన నిప్పు

1

1984 వేసవిలో బేతంచెర్ల దగ్గర ఒక పల్లెలో రెండు రోజుల అధ్యయన తరగతి జరిగింది. మానవ సమాజ పరిణామం గురించి చెప్పే బాధ్యత నా మీద పడింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది నాపరాయి గనుల్లోనూ, సున్నపు బట్టీల్లోనూ పనిచేసేవాళ్లు. నేను చరిత్ర పాఠాలు చెప్పడం మొదలుపెట్టి అప్పటికి మూడేళ్లే. చెయ్యి ఎట్లా పనిముట్టును పట్టిందీ, పనిముట్టు ఎట్లా చేతిని తీర్చిదిద్దిందీ చెప్పి, నిప్పు దగ్గరికి వచ్చాను. అయిదు లక్షల ఏళ్ల కిందట పీకింగ్ మానవుడు గుహలో మంట వేసుకుని, దాని చుట్టూ కూర్చుని, జింక మాంసం కాల్చుకు తిన్నాడని చెప్పాను. పుస్తకంలో బొమ్మ కూడా వుంది. చూపించాను.

వెనక వరసలో కూర్చున్న ఒకామె లేచింది. సున్నపు బట్టీలో రాళ్లు మోసే మనిషి.

"సార్, ఎండాకాలం నల్లమల అంటుకుంటాది. ఎవురు ముట్టిచ్చినారని? ఆడుండే రాళ్లు గూడా కాల్తాయి గదా. ఆ రాళ్లు మనిషి కాల్చినవే అని మీకెట్ల తెలిసె?"

నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకునే ధైర్యం కూడా లేదు. "శాస్త్రవేత్తలు పరిశోధించి చెప్పారమ్మా" అన్నాను. ఆమె ఇంకేమీ అనకుండా కూర్చుంది.

ఆ మాట నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. ఊళ్లో పురోహితుడు కూడా "శాస్త్రం చెప్పింది" అనే అంటాడు. ఆయన అన్న "శాస్త్రం"కీ నేనన్న "శాస్త్రవేత్తల"కీ తేడా ఏమిటో ఆమె అడిగింది. నేను చూపలేకపోయాను. ఇది ఆమెకు ఆలస్యంగా చెబుతున్న జవాబు.

2

నిప్పు ఎట్లా వచ్చిందన్న ప్రశ్న అన్ని జాతులనూ పట్టుకున్నదే. మన ఋగ్వేదం మొదటి సూక్తం అగ్ని మీదే. మాతరిశ్వుడు అగ్నిని తెచ్చి మనుషులకిచ్చాడని వైదిక గాథ. ప్రొమీథియస్ దేవతల నుంచి దొంగిలించి తెచ్చాడని గ్రీకు గాథ. ఒకచోట దానం, మరొకచోట దొంగతనం. రెండు చోట్లా నిప్పు పైనుంచి దిగివచ్చిందే. కట్టెపుల్లలు ఏరిందెవరు, వానలో ఆరిపోకుండా కాచిందెవరు అన్న ప్రశ్న ఈ గాథల్లో లేదు.

19వ శతాబ్దంలో ఈ ప్రశ్న నేల మీదికి దిగింది. భాషను మినహాయిస్తే మానవుడు కనిపెట్టినవాటిలో నిప్పే బహుశా గొప్పదని 1871లో డార్విన్ అన్నాడు. శ్రమ పాత్ర గురించి 1876లో రాసిన వ్యాసంలో ఎంగెల్స్, నిప్పును వశం చేసుకోవడాన్నీ, పశువులను మచ్చిక చేసుకోవడాన్నీ రెండు నిర్ణయాత్మకమైన ముందడుగులుగా లెక్కగట్టాడు. రాపిడితో నిప్పు పుట్టించడం విమోచన శక్తిలో ఆవిరి యంత్రాన్ని మించినదని మరో చోట వాదించాడు. ఇవి గొప్ప ఆలోచనలే. కాని వాటి వెనక తవ్వి తీసిన ఆధారం అప్పటికింకా లేదు. అవి తర్కంతో చేరిన నిర్ణయాలు.

ఆధారం దొరికిందని లోకం అనుకున్నది 1930ల్లో. పీకింగ్ దగ్గర చౌకౌతియెన్ గుహలో 1929 డిసెంబరులో పై వెన్‌చుంగ్ మొదటి కపాలాన్ని బయటికి తీశాడు. ఆ తర్వాత కొద్దికాలానికే ఆ పొరల్లో కాలిన ఎముకలు, నల్లటి రంగురంగుల మట్టి పొరలు కనిపించాయి. వాటిని బూడిద పొరలుగా, పొయ్యిలుగా చదివారు. పాఠ్యపుస్తకాల్లోకి బొమ్మ ఎక్కింది. నేను బేతంచెర్లలో చూపించిన బొమ్మ అదే.

1998లో స్టీవ్ వైనర్, పాల్ గోల్డ్‌బర్గ్, మరికొందరు అక్కడి మట్టిని సూక్ష్మదర్శిని కింద పెట్టి, పరారుణ కిరణాలతో పరీక్షించారు. కట్టె కాలితే మిగలవలసిన బూడిద గుర్తులు వాళ్లకు కనపడలేదు. బూడిద అనుకున్న పొరల్లో ఒకటి నిలవనీటిలో పేరుకున్న సేంద్రియ మట్టి. కాలిన ఎముకలు నిజమే, కాని అవి అక్కడే కాలాయని చెప్పే పొయ్యి లేదు. తర్వాత చైనా పరిశోధకులు మళ్లీ తవ్వి, పై పొరల్లో నిప్పు ఆనవాళ్లు వున్నాయని కొత్త ఆధారాలు చూపించారు. వాదం ముగియలేదు. ముగియని వాదాన్ని నేను ముగిసిన సత్యంగా బోధించాను. 1998 పరిశోధన 1984లో లేదు కాబట్టి నా తప్పు కాదని తప్పించుకోవచ్చు. కాని 1998లో పరిశోధకులు వేసుకున్న ప్రశ్న, 1984లో బట్టీ కూలీ వేసిన ప్రశ్న ఒకటే. ఆమెకు సూక్ష్మదర్శిని లేదు, అంతే.

3

ఇప్పుడు రాళ్ల దగ్గరికి వద్దాం. ఆదిమానవుడు పనిముట్లు చేసిన రాళ్లలో చాలాచోట్ల ముఖ్యమైంది చెకుముకి రాయి. మన భాషలో ఆ రాయి పేరు వినగానే నిప్పు గుర్తొస్తుంది. మా తాత మొలలో చిన్న చెకుముకి సంచి వుండేది. అందులో రాయి, ఉక్కు ముక్క, కొద్దిగా దూది. చుట్ట వెలిగించుకోవడానికి అంతే చాలు. అగ్గిపెట్టె కొనడం దండగ అనేవాడు.

అయితే చెకుముకి రాయి నిప్పు పుట్టించడమే కాదు, నిప్పులో పడితే ఆ సంగతిని తనలో దాచుకుంటుంది. గట్టిగా కాలితే గుర్తులు కంటికి కనబడతాయి. రంగు ఎర్రబడుతుంది, లేదా బూడిద రంగుకు తిరుగుతుంది. పైన సన్నని నెరియలు పాకుతాయి. లోపలి తేమ వేడికి వ్యాకోచించి, మూకుడు ఆకారంలో చిన్న పెచ్చులు ఎగిరిపోతాయి. పురావస్తు శాస్త్రజ్ఞులు చాలాకాలం ఈ గుర్తులే వెతికారు. ఇవి లేని రాళ్లను కాలనివిగా లెక్కవేసి, పెట్టెల్లో పెట్టి, మూతవేశారు.

ఇక్కడే ఒక పొరపాటు వుంది. కంటికి కనపడని కాల్పు కూడా వుంటుంది. ఇది కూడా నాకు ముందే చెప్పిన మనిషి వుంది. తరగతి అయిపోయిన తర్వాత అదే ఆమెను అడిగాను: బట్టీలోంచి తీసిన రాయి కాలిందో లేదో ఎట్లా తెలుస్తుందని. "చూస్తే తెలీదు సార్, ఎత్తితే తెలుస్తాది" అంది. సున్నపురాయి కాలితే దాని ఆకారం పోదు. కాని అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది. కల్తీ లేని రాయి అయితే నూరు కిలోలకు 56 కిలోలే మిగులుతుంది. కంటికి అదే రాయి, చేతికి వేరే రాయి. దశాబ్దాల తర్వాత ప్రయోగశాలల్లో చెకుముకి రాళ్లకు జరిగింది ఇదే. కంటిని నమ్మకుండా మరో విధంగా "ఎత్తి చూడటం" నేర్చుకున్నారు.

అట్లా ఎత్తి చూసే పద్ధతుల్లో మొదటిది తాపదీప్తి. మట్టిలో, రాతిలో సహజంగా వుండే రేడియో ధార్మికత వల్ల ఖనిజాల్లో ఏటా కొంత శక్తి నిలవ చేరుతుంది. గట్టిగా వేడిచేస్తే ఆ శక్తి వెలుతురుగా బయటపడి, ఖాతా సున్నా అవుతుంది. ఆ రోజు నుంచి మళ్లీ జమ మొదలు. కాబట్టి పూర్వం కాలిన రాతినో మట్టినో ప్రయోగశాలలో మళ్లీ వేడిచేసి, వచ్చే వెలుతురును కొలిస్తే, అది చివరిసారి కాలి ఎన్నేళ్లయిందో చెప్పవచ్చు. పాలస్తీనా ప్రాంతపు కఫ్జే గుహలో కాలిన చెకుముకి ముక్కలను ఇట్లా కొలిచే 1988లో అక్కడి మనుషుల వయసు సుమారు 92 వేల ఏళ్లని తేల్చారు. ఆధునిక మానవుడి చరిత్రనే అది వెనక్కి జరిపింది.

ఈ పద్ధతి మా ఇంటి ముంగిట్లోకి కూడా వచ్చింది. నేను తరగతి చెప్పిన బేతంచెర్ల చుట్టుపక్కల సున్నపురాతి గుహలున్నాయి. బిల్లసర్గం గుహల గురించి 1844లోనే న్యూబోల్డ్ రాశాడు. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఫుట్ అక్కడ తవ్వకాలు జరిపారు. ఆ కర్నూలు గుహల్లోనే ఒకటి ముచ్చట్ల చింతమాను గవి. 1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తి దానిని తవ్వితే, పాతరాతియుగం చివరి దశకు చెందిన పనిముట్లతో పాటు ఒక పొయ్యి బయటపడింది. దానిలోని కాలిన మట్టిని తాపదీప్తితో కొలిచారు. సుమారు 17 వేల ఏళ్ల నాటిదని తేలింది. నంబి, మూర్తి కలిసి ఆ ఫలితాన్ని 1983లో ప్రకటించారు.

1983. నా తరగతికి ఒక ఏడాది ముందు. మేం కూర్చున్న ప్రాంతంలోనే, మా సొంత సున్నపురాతి గుహలో, నిజమైన పొయ్యి, కొలిచిన వయసుతో సహా వుండగా, నేను పీకింగ్ బొమ్మ పట్టుకుని కూర్చున్నాను. ఆమె ప్రశ్నకు గుహలోని పొయ్యి మంచి జవాబు అయివుండేది. నల్లమల కార్చిచ్చు గుహ లోపలికి వెళ్లి పొయ్యి పెట్టదు. నాకు ఆ సంగతి తెలియదు. మన నేల గురించిన జ్ఞానం ఇంగ్లీషు పత్రికల్లో పుట్టి అక్కడే వుండిపోతుందని మనం ఫిర్యాదు చేస్తుంటాం. దాన్ని అక్కడి నుంచి తెచ్చే పని మనదేనని మరచిపోతుంటాం.

4

ఇక అసలు సంగతి. పశ్చిమ గలిలీలో, మధ్యధరా తీరానికి దగ్గరగా, ఎవ్రోన్ అనే రాతి గని వుంది. 1970ల నడుమ అవ్రహాం రోనెన్ నాయకత్వంలో అక్కడ 14 మీటర్ల లోతుకు తవ్వి, జంతువుల శిలాజాలు, రాతి పనిముట్లు బయటికి తీశారు. వాటి వయసు 8 లక్షల నుంచి 10 లక్షల ఏళ్లు. పొయ్యి లేదు, బూడిద లేదు, బొగ్గు లేదు. రాళ్ల మీద కాలిన గుర్తులూ కంటికి ఆనలేదు. నిప్పు ఊసే లేని చోటుగా అది దాదాపు యాభై ఏళ్లు వుండిపోయింది.

2022లో వైజ్మన్ సంస్థకు చెందిన ఫిలిపె నటాలియో, జేన్ స్టెప్కా, ఇడో అజూరి, వాళ్లతో పాటు లియోరా హోర్విట్జ్, మైకేల్ షజాన్ ఆ పాత రాళ్లను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. వాళ్లు వాడిన సాధనం పేరు మనకు పరాయిది కాదు. 1928లో కలకత్తాలో సి.వి. రామన్ కనిపెట్టిన రామన్ ఫలితం అది. విశాఖపట్నంలో చదువు మొదలుపెట్టిన మనిషి ఆయన. ఒక పదార్థం మీద ఒకే రంగు వెలుతురు వేస్తే, చెదిరి వచ్చే వెలుతురులో చాలా భాగం అదే రంగులో వస్తుంది. అతి కొద్ది భాగం రంగు మార్చుకుని వస్తుంది. ఆ మార్పు పదార్థంలోని అణువుల కట్టుబాటును బట్టి వుంటుంది. చెకుముకి రాయి ప్రధానంగా సిలికా. అందులో అతి స్వల్పంగా సేంద్రియ పదార్థమూ వుంటుంది. వేడికి రెండూ మారతాయి. రాయి పైకి మామూలుగానే వున్నా లోపలి కట్టుబాటు మారిపోతుంది.

చిక్కేమిటంటే ఆ మార్పులు అతి సూక్ష్మం. పైగా చెకుముకి రాళ్లన్నీ ఒకేలా వుండవు. ఏ గీతలో ఏ తేడా కాల్పు వల్ల వచ్చింది, ఏది పుట్టుకతో వచ్చిందని మనిషి కన్ను విడదీయలేదు. అందుకని వాళ్లు ముందు అదే దేశపు చెకుముకి రాళ్లను తెచ్చి ప్రయోగశాలలో తెలిసిన ఉష్ణోగ్రతల్లో కాల్చారు. ఒక్కోదాని వెలుతురు పట్టికను నమోదు చేశారు. ఆ పట్టికలను కంప్యూటరుకు ఇచ్చి, ఏ పట్టిక ఏ వేడికి చెందినదో పోల్చుకోవడం నేర్పారు. ఇప్పుడు అందరూ కృత్రిమ మేధ అంటున్నది ఇదే. ఇందులో మాయ లేదు. బట్టీలో ఏళ్ల తరబడి వేల రాళ్లు ఎత్తిన చేతికి తేడా ఎట్లా అబ్బుతుందో, వేల పట్టికలు చూసిన యంత్రానికి అట్లాగే అబ్బుతుంది.

ఇదే పద్ధతితో అంతకుముందు, 2020లో, కెసెం గుహ రాళ్లను పరీక్షించారు. ఆ గుహలో 4 లక్షల 20 వేల ఏళ్ల నుంచి 2 లక్షల ఏళ్ల కిందటి వరకు మనుషులు మసిలారు. అక్కడ పొడవాటి చాకు పలకలు సుమారు 259 డిగ్రీల దగ్గర, మామూలు పెచ్చులు 413 డిగ్రీల దగ్గర వేడెక్కాయని లెక్క తేలింది. పలకలు చెక్కడానికి అనువుగా రాతిని తగుమాత్రంగా వేడి చేశారని పరిశోధకులు అభిప్రాయపడ్డారు. అదే నిజమైతే నిప్పు అక్కడ వంటకే కాదు, పనిముట్టు చేసే పనిముట్టుగా కూడా మారిందన్నమాట.

ఎవ్రోన్‌లో 26 చెకుముకి పనిముట్లను పరీక్షించారు. వేరు వేరు ఉష్ణోగ్రతల్లో అవి వేడెక్కినట్టు తేలింది. కొన్ని 600 డిగ్రీలు దాటాయి. వాటితో పాటు 87 జంతు అవశేషాలను కూడా చూశారు. అంతరించిపోయిన ఒక జాతి ఏనుగు దంతం కూడా కాలినట్టు బయటపడింది. యాభై ఏళ్లు కాలనివిగా చలామణి అయిన రాళ్లు తాము కాలామని చెప్పాయి.

ఇక్కడ ఆగాలి. ఇక్కడ ఆగకపోతే నేను మళ్లీ 1984లోకి వెళ్లిపోతాను. రాళ్లు కాలాయి అన్నారు. ఎవరు కాల్చారు?

5

ఆమె ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది. ఎవ్రోన్ గుహ కాదు, ఆరుబయలు. బయట పడివున్న రాళ్ల మీదుగా కార్చిచ్చు వెళ్లి వుండవచ్చు. ఉష్ణోగ్రతలు వేరు వేరుగా వుండటం మనిషి మంటకు మాత్రమే గుర్తు కాదు. ఈ రాళ్లు "మేం కాలాం" అని మాత్రం చెప్పగలవు. కాల్చిన చేతిని చూపడం వాటివల్ల కాదు. పనిముట్లూ, జంతు అవశేషాలూ ఒకేచోట కలిసి వుండటం ఆలోచించదగిన విషయమే. తీర్పుకు అది చాలదు.

మరి మనిషి చెయ్యి ఎట్లా పట్టుబడుతుంది? ఒక్కోచోట ఒక్కో విధంగా. జోర్డాను నది ఒడ్డున గెషెర్ బెనోత్ యాకోవ్ అనే చోట, సుమారు 7 లక్షల 90 వేల ఏళ్ల నాటి పొరల్లో, కాలిన గింజలు, కట్టె ముక్కలు, చెకుముకి పెచ్చులు దొరికాయి. నామా గోరెన్ ఇన్బార్ బృందం 2004లో ఆ సంగతి ప్రకటించింది. అక్కడ కాలిన ముక్కలు చాలా తక్కువ. కాలినవి కొన్ని చోట్ల గుంపులుగా వున్నాయి, కాలనివి మరోచోట వున్నాయి. కార్చిచ్చు అయితే చెట్టూ పుట్టా చూడకుండా అన్నిటినీ కాల్చిపోతుంది. ఇది పొయ్యి చుట్టూ పడిన పెచ్చుల లెక్క. దక్షిణాఫ్రికాలోని వండర్‌వెర్క్ గుహది మరో విధం. ఫ్రాన్సెస్కో బెర్నా, మైకేల్ షజాన్, వాళ్ల సహచరులు 2012లో ప్రకటించిన దాని ప్రకారం, గుహ ముఖం నుంచి సుమారు 30 మీటర్ల లోపల, 10 లక్షల ఏళ్ల నాటి పొరలో, గడ్డీ ఆకుల బూడిద, కాలిన ఎముకల నలుసులు అక్కడికక్కడే వున్నాయి. పిడుగు అంత లోపలికి వెళ్లదు. ఆ గుహ పేరుకు "అద్భుతం" అని అర్థం. ఆధారం మాత్రం సూక్ష్మదర్శిని కింద పెట్టిన పిడికెడు మట్టి.

కాబట్టి ఒక రాయి కాలడం ఆధారంలో మొదటి మెట్టు. అది ఎక్కడ, వేటి మధ్య, ఎన్ని కాలనివాటి పక్కన పడివుందో చెప్పేది రెండో మెట్టు. సుమారు 10 లక్షల ఏళ్ల కిందటే మనిషి నిప్పును వాడాడని ఈ రెండు మెట్ల మీద నిలబడి చెప్పవచ్చు. వాడటం, కాపాడటం, పుట్టించడం మూడూ ఒకటి కాదు. అడవి మంటనుంచి కొరివి తెచ్చుకోవడం వాడటం. దాన్ని రోజుల తరబడి ఆరకుండా నిలపడం కాపాడటం. మా అమ్మ రాత్రి నిప్పు మీద నివురు కప్పి, తెల్లవారి ఊది రాజేసేది. ఒక్కోసారి పొరుగింటికి పిడక పట్టుకెళ్లి నిప్పు తెచ్చేది. ఆ పనికి నేర్పు కావాలి, పూచీ కావాలి. ఒకరు మేలుకుని వుండాలి, ఒకరు కట్టెలకు పోవాలి, నిప్పు లేనివాళ్లకు వున్నవాళ్లు ఇవ్వాలి. మొదటి పొయ్యి చుట్టూ కూడా ఇటువంటి ఏర్పాటు లేకుండా నిప్పు నిలిచి వుండదని నా ఊహ. ఊహను ఊహగానే చెబుతున్నాను.

మూడోది పుట్టించడం. ఎంగెల్స్ అంత విలువ ఇచ్చింది దీనికే. దీనికి ఆధారం మొన్న మొన్నటి దాకా సుమారు 50 వేల ఏళ్లకు మించి వెనక్కి పోలేదు. ఫ్రాన్సులో నియాండర్తాల్ మనుషుల చేతిగొడ్డళ్ల మీద ఖనిజంతో కొట్టిన ఆనవాళ్లవి. 2025 డిసెంబరులో ఇంగ్లండులోని బార్నమ్ అనే చోటు నుంచి కొత్త ఫలితం వచ్చింది. నిక్ ఆష్టన్, రాబ్ డేవిస్, వాళ్ల సహచరులు 4 లక్షల ఏళ్ల నాటి పొరలో మూడు రకాల ఆధారాలు కలిసి వుండటం చూపించారు. పదే పదే మంట వేయడం వల్ల కాలిన మట్టి, వేడికి పగిలిన చెకుముకి చేతిగొడ్డళ్లు, రెండు చిన్న పైరైటు ముక్కలు. పైరైటు అంటే ఇనుము, గంధకం కలిసి బంగారంలా మెరిసే ఖనిజం. చెకుముకితో కొడితే రవ్వ రాలుతుంది. ఆ ప్రాంతంలో అది అరుదు. ఎవరో ఎక్కడినుంచో తెచ్చుకున్నారు. మా తాత సంచిలో ఉక్కుముక్క చేసిన పని అక్కడ పైరైటు చేసింది.

6

పాత పెట్టెలు మళ్లీ తెరవండి అన్నది ఎవ్రోన్ పరిశోధకుల ముఖ్యమైన పిలుపు. అది మనకూ వర్తిస్తుంది. ఫుట్ సేకరించిన రాతి పనిముట్లను 1904లో మద్రాసు మ్యూజియం కొన్నది. మన నదీలోయల్లో దొరికిన పనిముట్లు పెట్టెల్లో ఎన్నో వున్నాయి. కాని అక్కడి యంత్రాన్ని తెచ్చి ఇక్కడి రాళ్ల మీద పెట్టేస్తే పని జరగదు. అది చెకుముకి రాతిని చూసి నేర్చుకుంది. మన పాతరాతియుగపు పనిముట్లు ఎక్కువగా క్వార్ట్‌జైట్. ముందు మన రాళ్లను మనం కాల్చి, వాటి పట్టికలు రాసుకోవాలి. అరువు తెచ్చుకున్న కొలబద్దతో సొంత నేలను కొలవలేం. రాళ్ల విషయంలో ఇది ఎంత నిజమో సిద్ధాంతాల విషయంలోనూ అంతే నిజం.

ఆధారం కంటే ముందు పరిగెత్తే గుణం మనకొక్కరికే లేదు. వంట వల్లనే మనిషి మెదడు పెరిగిందనీ, అది సుమారు 18 లక్షల ఏళ్ల కిందటే మొదలైందనీ రిచర్డ్ రాంగమ్ 2009లో పుస్తకం రాశాడు. ఆలోచన అందమైంది. అంత పాతకాలపు పొయ్యి మాత్రం ఇంకా నిర్వివాదంగా దొరకలేదు. మనకు నచ్చిన సిద్ధాంతానికి కూడా ఇదే పరీక్ష పెట్టాలి. నిప్పును దేవుడు ఇవ్వలేదనీ, పేరు తెలియని చేతులు సాధించాయనీ నేను ఇవాళ కూడా నమ్ముతాను. నమ్మకం బలంగా వున్నచోటే రుజువు గట్టిగా అడగాలి. అడగకపోతే పురాణం స్థానంలో ఇంకో పురాణం పెట్టినవాళ్లమవుతాం.

ఆమె పేరు నేను ఆ రోజు అడగలేదు. ఇప్పుడామె వుందో లేదో తెలియదు. కనబడితే మూడు సంగతులు చెబుతాను. అమ్మా, నువ్వు అడిగినదాన్నే పెద్ద పెద్ద ప్రయోగశాలలు ఇంకా అడుగుతున్నాయి. కొన్నిచోట్ల జవాబు దొరికింది, కొన్నిచోట్ల దొరకలేదు. దొరికిన జవాబుల్లో ఒకటి మన గవిలోనే వుంది, పద, చూసొద్దాం.